కత్తి కన్నా ముందు చర్మం

ఆపరేషన్ అంటే అందరూ కత్తి గురించే అడుగుతారు. ఎంత పొడుగు కోశారు, ఎన్ని కుట్లు వేశారు, డాక్టరు చెయ్యి మంచిదేనా అని. కత్తి పడకముందు ఆ చోటుని ఎవరు కడిగారు, దేనితో కడిగారు, అది ఆరేదాకా ఆగారా లేదా అని నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం అదే. పుదుచ్చేరిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం, క్లాసులో చెప్పనివి కొన్ని రాసిపెడదామని కూర్చున్నాను.

నా గురించి కొంచెం. మావాళ్ళు ఎన్ని తరాల కింద ఈ ఊరికి వచ్చారో మా అవ్వకే తెలియదు. మా నాయనకి పెద్ద బజారులో గుడ్డల కొట్టు ఉండేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం మాత్రం నెల్లూరులో నర్సింగు చదివేటప్పుడు హాస్టల్లో తోటి పిల్లలు నేర్పారు. అందుకని నా తెలుగులో అక్కడక్కడ తమిళం వాసన వస్తే సర్దుకోండి. ఇందులో మాట్లాడే వాళ్ళంతా నాతో తమిళంలో మాట్లాడినవాళ్ళే. వాళ్ళ మాటల్ని మా ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో పెడుతున్నాను.

ఫిలోమినా సిస్టర్

నేను థియేటర్లో అడుగుపెట్టిన రోజుల్లో అక్కడ ఇన్‌ఛార్జి ఫిలోమినా సిస్టర్. పొట్టి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆమె కనుబొమ్మ కొంచెం లేస్తే చాలు, పెద్ద పెద్ద సర్జన్లు కూడా చేతులు వెనక్కి తీసుకునేవాళ్ళు.

మొదటి వారం ఆమె నాకు పరికరాల పేర్లు కూడా చెప్పలేదు. ఒక పేషెంటు పొట్ట చూపించి, "దీన్ని స్టెరైల్ చెయ్యి సరోజా" అంది. నేను పట్టకారుతో గాజుగుడ్డ పట్టుకుని, అయోడిన్ మందులో ముంచి, చదువుకున్నట్టే మధ్యలోంచి బయటికి గుండ్రంగా రాసుకుంటూ పోయాను. అయ్యాక "స్టెరైల్ అయ్యిందా?" అని అడిగింది. అయ్యింది సిస్టర్ అన్నాను.

"కాలేదు. ఎప్పటికీ కాదు. కత్తెరని ఉడకబెట్టొచ్చు, గుడ్డల్ని ఆవిరిలో పెట్టొచ్చు. మనిషిని ఉడకబెట్టలేం గదా. చర్మం లోపల, వెంట్రుక మొదట్లో, చెమట రంధ్రాల్లో బతికే క్రిములు బతుకుతూనే ఉంటాయి. మనం చేసేదంతా వాటిని కాసేపు అణిచిపెట్టడం. ఆపరేషన్ అయ్యేదాకా అవి లేవకుండా చూసుకోవడం. స్టెరైల్ చేసేశానని ఎప్పుడు అనుకుంటావో, ఆ రోజు నీ చెయ్యి తగలకూడని చోట తగులుతుంది."

ఆ తర్వాత చాలామంది దగ్గర పనిచేశాను. పెద్ద డిగ్రీలున్న వాళ్ళ లెక్చర్లు విన్నాను. మందులు మారాయి, రాసే పద్ధతులు మారాయి. ఇప్పుడు ఒక్కో మందుకి ఒక్కో పద్ధతి, ఏ సీసాకి ఏది అని చదివి చెయ్యాలి. ఆమె చెప్పిన ఆ మాట మాత్రం మారలేదు.

కొన్ని అలవాట్లు, నా అభిప్రాయం

మేము చేరినప్పుడు ఆపరేషన్ ముందురోజు సాయంత్రమే బ్లేడుతో గీసి వెంట్రుకలు తీసేవాళ్ళు. నున్నగా ఉంటే శుభ్రం అని అందరి నమ్మకం. పొద్దున థియేటర్‌కి వచ్చేసరికి ఆ నున్నటి చర్మం మీద ఎర్రటి చుక్కలు, కంటికి కనిపించని గాట్లు. రాత్రంతా ఆ గాట్లలో ఏం పెరగాలో అవి పెరిగేవి. శుభ్రం చేస్తున్నాం అనుకుని తలుపులు తెరిచిపెట్టేవాళ్ళం. అది మానిపించడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు అవసరమైతేనే, అవసరమైన చోటే, ఆపరేషన్‌కి ముందు క్లిప్పర్‌తో కత్తిరించడం. ఎక్కడైనా ఇంకా బ్లేడు తెచ్చే పెద్దమనిషి కనిపిస్తే, మర్యాదగా దాన్ని తీసి పక్కన పెట్టండి.

రెండోది తడి. మందు రాసింది ఆరాలి. ఆరేటప్పుడే అది పని చేస్తుంది. మా ఊళ్ళో వానాకాలంలో గాలంతా సముద్రమే, ఏ మందూ ఒక పట్టాన ఆరదు. సర్జను చేతులు కట్టుకుని నిలబడి మన వైపు చూస్తుంటాడు. ఆ చూపుకి భయపడి గాజుగుడ్డతో తుడిచేసే పిల్లల్ని చూశాను. తుడిస్తే రాసిన పనంతా పోయినట్టే. స్పిరిట్ కలిసిన మందైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. నడుము కింద మడుగు కట్టిన స్పిరిట్ ఆరకముందే రక్తం ఆపే కరెంటు పెన్ను వాడితే, మంట లేస్తుంది. అది నీలంగా ఉంటుంది, లైటు వెలుగులో కనబడదు. నేను ఒక్కసారి చూశాను. పైన కప్పిన గుడ్డ అంచు నల్లబడటం చూసి మత్తు డాక్టరు తడిగుడ్డ విసిరాడు. పేషెంటుకి ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి ఆ సర్జను ఆరిందా అని నన్ను అడగనిదే కత్తి ముట్టుకోలేదు.

మూడోది కప్పే గుడ్డలు. ఒకసారి పరిచాక వాటిని లోపలికి జరపకూడదు. బయటి వైపు లాగొచ్చు. లోపలికి జరిపితే పక్కనున్న మురికిని కోతలోకి మనమే తోసినట్టు అవుతుంది.

ఇవన్నీ మీకు ఎవరైనా నేర్పుతారు. నేను రాయాలనుకున్నది ఎవరూ నేర్పనిది, అంజలై నాకు నేర్పింది.

అంజలై

అంజలై కురుచికుప్పం అనే జాలర్ల పేట మనిషి. తేంగాయితిట్టు హార్బర్లో పొద్దున్నే వేలంలో చేపలు తీసుకుని, అక్కడే కూర్చుని అమ్మేది. మొగుడు పడవ మీద పోయేవాడు, ముందే చనిపోయాడు. కూతురు సెల్వి ఒక్కతే తోడు. కుడి తుంటి కీలు అరిగిపోయి అడుగు తీసి అడుగు వెయ్యలేని స్థితిలో మా ఆసుపత్రికి వచ్చింది. కొత్త కీలు వెయ్యాలని నిర్ణయించారు. చెయ్యబోయేది డాక్టర్ శంకరనారాయణన్. మేమంతా శంకర్ సార్ అనేవాళ్ళం. మంచి చెయ్యి, ముక్కు మీద కోపం. ఆపరేషన్ వాయిదా అంటే ఆయనకి అస్సలు గిట్టదు.

కీళ్ళ మార్పిడిలో మేము చర్మం గురించి రెట్టింపు భయపడతాం. లోపల పెట్టేది లోహం. దానికి రక్తం పారదు. ఒక్క క్రిమి దాని మీద కూర్చుందంటే మందులు అక్కడికి సరిగ్గా చేరవు. మళ్ళీ తెరవాలి, కీలు తీసేయాలి, కొందరు ఇక నడవనే నడవరు.

ఆ రోజు పొద్దున అంజలైని థియేటర్ బయట గదికి తెచ్చారు. ఇంకా మత్తు ఇవ్వలేదు. ఆపరేషన్ చేసే చోటునే చూసి ఊరుకోకూడదని ఫిలోమినా సిస్టర్ నేర్పిన అలవాటు, మడమ నుంచి మొదలుపెట్టి పైకి చూసుకుంటూ పోతాను. దుప్పటి తీశాను. తుంటి దగ్గర చర్మం శుభ్రంగా ఉంది. వార్డులో కూడా అదే చూసి సరే అన్నారు. కాలివేళ్ళు విడదీసి చూస్తే చివరి రెండు వేళ్ళ మధ్య చర్మం తెల్లగా నాని చిట్లిపోయి ఉంది. కొంచెం నొక్కితే చీము వచ్చింది.

శంకర్ సార్ చేతులు కడుక్కునే చోట నిలబడి ఉన్నారు. వెళ్ళి చెప్పాను.

"సార్, ఈ రోజు వద్దు. కాలివేళ్ళ సందులో పుండు ఉంది."

"పాదం ఎటూ గుడ్డలో చుట్టేస్తాం గదా సిస్టర్. అది యాడో, తుంటి యాడో."

"చీము ఉంది సార్. రక్తంలోంచి పోయేదానికి దూరం ఏముంది?"

ఆయన మొహం ఎర్రబడింది. "అందరినీ సిద్ధం చేసి పెట్టుకున్నాక చెప్తారా?"

"సిద్ధం కానిది ఆ చర్మం ఒక్కటే సార్. మీరే వచ్చి చూడండి."

తడి చేతులు పైకి ఎత్తుకునే వచ్చి చూశారు. ఆయనతో ఉన్న మేలు అదే. ఎంత కోపం వచ్చినా కళ్ళతో చూసినదాన్ని లేదనరు. "పంపించెయ్యండి" అన్నారు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఆమెకి చెప్పేది మాత్రం మీరే" అన్నారు.

చెప్పడం

సర్జనుతో వాదించడమే కష్టం అనుకుని ఉన్నాను అప్పటిదాకా. అంజలై పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, కాలికి పుండు ఉంది అక్కా, అది మానేదాకా ఆపరేషన్ చెయ్యకూడదు అని చెప్పాను. చర్మం శుభ్రంగా ఉండాలి అన్న మాట కూడా అన్నాను. ఆ మాట దగ్గరే ఆమె మొహం మారిపోయింది.

"శుభ్రమా? నా ఒళ్ళు కంపు కొడతా ఉందనా?"

"అట్లా అనలేదక్కా."

"మీరిచ్చిన సబ్బుతోనే నిన్న నీళ్ళు పోసుకున్నా. పొద్దున మళ్ళా పోసుకున్నా. తలకి కూడా పోసుకున్నా. ఊళ్ళో సగం మంది నా చేతి చేప తింటారు సిస్టరమ్మా. కడుపులోకి పోయేదానికి పనికొచ్చే ఒళ్ళు, మీ కత్తికి పనికిరాదా?"

చేపలమ్మే మనిషిని బస్సులో పక్కన కూర్చోనివ్వకుండా జరిగిపోయే వాళ్ళని నేను చూశాను. ఆమె ఒంటి మీద ఆ చూపులు ఎన్నిసార్లు పడ్డాయో. ఇప్పుడు తెల్లబట్టలు వేసుకున్న నేను కూడా అదే మాట అన్నట్టు వినబడింది. పుండు గురించి నేను చెప్పింది నిజమే. ఆమె విన్నది కూడా నిజమే.

సెల్వి తల్లిని చక్రాల కుర్చీలో తీసుకుపోయింది. "ఇంక ఈడికి రాను" అంది అంజలై. పుండుకి డాక్టరు రాసిచ్చిన మందు చీటీ కూడా మంచం మీదే వదిలేసిపోయింది.

తేంగాయితిట్టులో

చీటీ పట్టుకుని ఆదివారం పొద్దున తేంగాయితిట్టుకి వెళ్ళాను. కదిర్కామంలో మా ఇంటి నుంచి ఆటో. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. చేపలు కొనే మనిషిలాగా వెళ్ళాలనుకున్నాను.

వేలం అయిపోయి, వ్యాన్లలోకి ఐసు పెట్టెలు ఎక్కిస్తున్నారు. అంజలై ఒక చేతికర్ర పక్కన పెట్టుకుని గంప ముందు కూర్చుని ఉంది. నన్ను చూసింది. గుర్తుపట్టనట్టు పక్కావిడతో మాట్లాడుతూ పోయింది. నేను ఆమె మొహం వైపు చూడలేదు, కాళ్ళ వైపు చూశాను. రబ్బరు చెప్పుల్లో పాదాలు. గంపల్లోంచి కరిగిన ఐసు నీళ్ళు నేల మీద పారుతున్నాయి. ఆ నీళ్ళలోనే ఆమె పాదాలు పొద్దున మొదలు ఎండెక్కేదాకా ఉంటాయి. నేను వెళ్ళిన కాసేపటికే నా చెప్పులు కూడా తడిసిపోయాయి.

వేళ్ళ సందులు పొడిగా ఉంచుకోండి అని మందు చీటీ మీద మా డాక్టరు రాసి ఉన్నారు. ఈ నేల మీద అది ఎవరు చేయగలరు? మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసుకుంది గానీ నీళ్ళే ఆమెకి కష్టం తెచ్చిపెట్టాయి. ఆమెకి కావాల్సింది ఆరడం. ఆ మాట చెప్పాల్సింది పోయి నేను శుభ్రం అన్నాను.

పక్కన చతికిలబడి కూర్చున్నాను. "అక్కా, నేను మాట తప్పుగా వాడినా. మురికి వల్ల వచ్చిన పుండు కాదిది. తడి వల్ల వచ్చింది. నీ పని వల్ల వచ్చింది."

ఆమె కత్తితో చేప పొలుసు తీస్తూనే ఉంది. తల ఎత్తకుండానే, "పని మానుకోమంటావా?" అంది.

"మానొద్దు. కాళ్ళు పైన పెట్టుకోవడానికి ఏమైనా ఉందా?"

సెల్వి వెంటనే ఒక ఖాళీ ఐసు పెట్టె బోర్లించి పెట్టింది. అంజలై కూతుర్ని కోపంగా చూసింది గానీ, కాళ్ళు ఎత్తి దాని మీద పెట్టింది. నేను పుండు చూశాను. పొడిగుడ్డతో ప్రతి వేలి సందూ ఒత్తి తుడవడం, ఒక్కో సందుకి గుడ్డలో కొత్త వైపు వాడటం, నేను కొని తెచ్చిన పూత మందు పలచగా రాయడం చూపించాను. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు చేపలమ్మడం ఆపి చూశారు. ఒకామె నవ్వుతూ, "అంజలై మహారాణి అయిపోయిందిరో" అంది. అంజలై కూడా ఆపుకోలేక నవ్వేసింది.

నేల మీద నిలబడే పని సెల్వి చూసుకుంది. అంజలై ఎత్తుగా కూర్చుని బేరాలు చూసుకుంది. నేను వీలైన ఆదివారాలు వెళ్ళాను. పుండు మానింది. కొత్త చర్మం గులాబీ రంగులో వచ్చింది, ఆ తర్వాత పక్క చర్మంలో కలిసిపోయింది. చర్మం డాక్టరు చూసి ఆపరేషన్ చేయించుకోవచ్చన్నాక అంజలై, "సరే, ఈసారి నేను చెప్పినట్టు వస్తా" అంది.

చేతులు చూపించమంది

ఆమె చెప్పినట్టు అంటే ఏంటో వార్డులో తెలిసింది. శంకర్ సార్ రౌండ్స్‌కి వచ్చారు, వెనక జూనియర్ డాక్టర్లు, నేను. ఆయన అంజలై కాలు పైకెత్తి, వేళ్ళు విడదీసి, తొడ, గజ్జలు అన్నీ చూశారు. తల ఊపారు.

"నా కాళ్ళు చూసినావు గదా సారూ" అంది అంజలై. "ఇప్పుడు నీ చేతులు చూపించు."

జూనియర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను సార్ మొహం చూశాను, కోపం వస్తుందేమోనని. ఆయన రెండు చేతులూ ముందుకి చాపారు.

అంజలై వాటిని పట్టుకుని తిప్పి తిప్పి చూసింది, వేలంలో చేప మొప్పలు ఎత్తి చూసినట్టు. రోజూ బ్రష్‌తో, మందులతో కడిగీ కడిగీ ఆయన వేళ్ళ కణుపులు పొడిబారి, గీతలు పడి ఉన్నాయి. అన్నేళ్ళు ఆయన పక్కనే నిలబడి గ్లౌజులు తొడిగిన నేను కూడా ఆ చేతుల్ని అట్లా చూడలేదు.

"ఇదేంది, ఐసులో చెయ్యి పెట్టేవాళ్ళ చేతుల మాదిరి ఉండాయే."

"రోజంతా కడుక్కోవడమే గదమ్మా మా పని."

"మాదీ అంతే. పడుకునే ముందర కొబ్బరినూనె రాసుకో. ఇది పగిలి రక్తం వస్తే అప్పుడు ఏం చేస్తావు? నాకొక న్యాయం, నీకొక న్యాయమా?"

"లేదమ్మా. పగిలితే నేనూ ఆపరేషన్ చెయ్యను. ఇంకొకరు చేస్తారు."

"అయితే సరే" అని చేతులు వదిలేసింది. ఆయన నవ్వారు. ఆ వార్డులో ఆయన నవ్వడం నేను అరుదుగా చూశాను.

ఆయన ఆ మాట ఉత్తినే అనలేదు. తర్వాతెప్పుడో ఒక శీతాకాలం చూపుడువేలు పగిలితే, ఎవరూ అడగకముందే ఒక ఆపరేషన్‌ని వేరే సర్జనుకి అప్పగించి పక్కన నిలబడి చూశారు.

అంజలై ఆపరేషన్ రోజు నేనే కాలంతా మందు రాశాను. జూనియర్ ఒకడు మడమ పట్టుకుని కాలు గాల్లో నిలబెట్టాడు. కోత పడే చోటు నుంచి బయటికి, కిందికి, పైకి, చివరికి గజ్జల వైపు, ఒకసారి వాడిన గాజుగుడ్డని మళ్ళీ ముంచకుండా. రాయడం అయ్యాక అందరం ఆగాం. బయట వాన. మందు మెరుపు నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. శంకర్ సార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు, ఈసారి నా వైపు చూడలేదు, ఆ చర్మం వైపే చూస్తున్నారు. "ఆరింది సార్" అన్నాను. గుడ్డలు కప్పాం.

గాయం బాగా మానింది. కుట్లు తీసిన రోజు అద్దం అడిగి తీసుకుని, తుంటి మీద గీత చూసుకుని, "నీట్‌గానే కోసినాడు" అంది.

ఆ తర్వాత

కొత్తగా వచ్చే పిల్లలకి ఒకటి చెప్తాను. ఆపమని చెప్పడానికి భయపడొద్దు. మీరు ఆపితే అరిచే సర్జన్లు ఉంటారు, వాళ్ళ అరుపు సాయంత్రానికి అయిపోతుంది. దానికన్నా కష్టం, ఆపినందుకు పేషెంటు సిగ్గుపడకుండా చూసుకోవడం. మందు రాయడం మీ చేతులకి త్వరగానే వచ్చేస్తుంది. సిగ్గుపెట్టకుండా ఆపే మాట నోటికి రావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, వచ్చాక మాత్రం ఉద్యోగం మీద నాకు ఇష్టం పెరిగింది.

నేను రిటైరయ్యే ముందు వర్షాలప్పుడు అంజలై ఆసుపత్రికి వచ్చింది. చేతికర్ర లేదు. పక్కన ఒక చిన్నావిడ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆమె కూడా కురుచికుప్పమే, పొట్టలో హెర్నియా.

"ఈమెకి ఎల్లుండి ఆపరేషను సిస్టరమ్మా. పొట్ట మడత కింద ఒరుసుకుపోయి పచ్చిపుండు ఉంది. ఎవురికీ చెప్పకుండా దాచిపెట్టింది. నేను చూసి, ఇప్పుడు చేయించుకోవద్దని చెప్పినా. డాక్టరుకి చెప్పేదానికి నువ్వు తోడు రా."

చిన్నావిడ కొంగు తియ్యలేదు. ఏడుస్తోందని అర్థమైంది. అంజలై ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"దీంట్లో సిగ్గేముందే? నిన్ను అన్న మాట కాదు ఇది. తోలుని అన్న మాట. ఆరబెట్టుకుందాం, మానిపోతుంది. అప్పుడు నేనే పిలుచుకొస్తా. డాక్టరు చేతులు కూడా చూసి పెడతా."

చిన్నావిడ కొంగు కొంచెం దించి నన్ను చూసింది. డాక్టరు గది పైఅంతస్తులో ఉందని చెప్పి, అంజలై తుంటిని తలుచుకుని నేను లిఫ్టు దగ్గర ఆగాను. వెనక్కి తిరిగి చూస్తే, అంజలై ఆమె చెయ్యి పట్టుకుని అప్పటికే మెట్లెక్కుతోంది.